దువ్వెనకారులకు పెద్దక్షరం

రేవులపాడు ధ్రువపత్రాల కార్యాలయంలో అన్నీ ఉన్నాయి గాని గౌరవం ఒక్కటే తక్కువైందని ప్రత్యేకాధికారి పరబ్రహ్మం గారు కనిపెట్టారు. సరిగ్గా ఆ వారంలోనే నూకరత్నం తన కూతురి కులపత్రం కోసం అక్కడికి వెళ్ళింది. ఇంకో పది రోజులు ముందు వెళ్ళుంటే ఈ కథే లేదు.

నూకరత్నం సంతల్లో దువ్వెనలమ్ముతుంది. కొమ్ము దువ్వెన, కర్ర దువ్వెన, పేల దువ్వెన, వాటితోపాటు రిబ్బన్లూ పిన్నీసులూ. వాళ్ళ కులం పేరే దువ్వెనకార. జిల్లా మొత్తం వెతికినా పద్దెనిమిది ఇళ్ళకి మించి లేరు. ఏడాదిలో పది నెలలు ఏదో ఒక తిరనాళ్ళలో తిరుగుతుంటారు గనక జనాభా లెక్కలవాళ్ళకి కూడా ఒక పట్టాన దొరకరు. ఎదుటి మనిషిని చూడగానే ముందు తల చూడటం నూకరత్నానికి అలవాటు. జుట్టును బట్టి గుణం చెప్పేస్తానంటుంది. చాలాసార్లు తప్పు చెబుతుంది గాని, చెప్పడం మాత్రం మానదు.

ఆవిడ కూతురు పావనికి పట్నంలో నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. ఆ పద్దెనిమిది ఇళ్ళలో ఇంటరు దాటిన పిల్ల ఇదొక్కతే. ఇరవయ్యో తారీకు సాయంత్రం ఐదింటిలోగా కులపత్రం తెచ్చిస్తే సీటు పావనిది, లేకపోతే జాబితాలో తర్వాతి పిల్లది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నూకరత్నానికి తిన్నది ఒంటబట్టడం లేదు. తొమ్మిదో తారీకు పొద్దున్నే గంప పక్కింట్లో పడేసి ఆఫీసుకి చేరింది.

అక్కడ కంప్యూటర్ మీద పత్రాలు కొట్టేది కోటిలింగం. ముప్పై ఏళ్ళ కిందట ప్రెస్సులో సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి కూర్చిన చెయ్యి అతనిది. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. నూకరత్నం దరఖాస్తు చూసి అతను నిట్టూర్చాడు.

"పత్రాలు ఆపేశారమ్మా."

"ఎందుకండి?"

"పెద్దక్షరం లేక."

నూకరత్నానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కోటిలింగం చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు.

పరబ్రహ్మం గారు పన్నెండు రోజుల శిక్షణకని విదేశం వెళ్ళొచ్చారు. అక్కడో పాఠం విన్నారు. ఆ దేశంలో తరతరాలుగా చిన్నచూపుకు గురైన జాతులవాళ్ళు, ఇంగ్లీషులో మా జాతి పేరు పెద్దక్షరంతో మొదలుపెట్టి రాయండి అని అడిగారట. ఊళ్ళ పేర్లకీ నదుల పేర్లకీ పెడుతున్నారు, మా పేరుకెందుకు పెట్టరు అన్నారట. పత్రికలవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకొని చివరికి చాలామంది సరేనన్నారట. ఆ పాఠం వింటుంటే పరబ్రహ్మం గారికి నిజంగానే కళ్ళు చెమర్చాయి. అందులో నవ్వాల్సింది ఏమీ లేదు. అడిగినవాళ్ళకి అడిగే హక్కుంది, ఇంగ్లీషుకి పెద్దక్షరాలున్నాయి, పని జరిగింది. నవ్వొచ్చే భాగమంతా ఆయన విమానం దిగాక మొదలైంది.

వచ్చీ రాగానే ఆయన కోటిలింగాన్ని పిలిచి, ఇక నుంచి పత్రాల్లో కులాల పేర్లన్నీ పెద్దక్షరంతో మొదలవ్వాలి అన్నారు.

"తెలుగుకి పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ అంటూ లేవు సార్. ఉన్నది ఒకటే రకం" అన్నాడు కోటిలింగం.

పరబ్రహ్మం గారు నిర్ఘాంతపోయారు. "అంటే, ఇన్నేళ్ళుగా మనం అన్ని కులాల్నీ చిన్నక్షరాల్లోనే అచ్చువేసి అవమానిస్తూ వస్తున్నామా?"

"అన్నీ చిన్నవే అంటే, అన్నీ పెద్దవే అని కూడా అనుకోవచ్చు సార్."

"అనుకోవడానికి ఆధారం ఉందా?"

ఆ మధ్యాహ్నానికల్లా పత్రాలు ఆగిపోయాయి.

ఇదంతా విని నూకరత్నం తిన్నగా అధికారి గదిలోకి వెళ్ళిపోయింది. ముందు తల చూసింది. ఉన్న నాలుగు వెంట్రుకలూ ఎడమ చెవి దగ్గర్నుంచి కుడి చెవి దాకా ఓపిగ్గా పరిచి ఉన్నాయి. ఉన్నదాన్ని పెద్దది చేసి చూపించే మనిషి అనుకుంది. ఈసారి ఆవిడ తప్పు చెప్పలేదు.

"బాబుగారూ, మాకు సిన్నచ్చరమైనా పెద్దచ్చరమైనా ఒకటేనండి. పిల్లకి సీటొచ్చింది. ఇరవయ్యో తారీకు దాటితే ఇంకోళ్ళకిచ్చేత్తారంట. ఆ కాయితం పాతలాగే కొట్టించి ఇచ్చేయండి, మీకు పున్నెముంటది."

పరబ్రహ్మం గారు కళ్ళజోడు తీశారు. ఆయన మాటలో నటన లేదు, నిజంగానే బాధపడుతున్నారు. "అమ్మా, ఒకటే అని మీరనడమే శతాబ్దాల అణచివేతకు నిదర్శనం. మీ సామాజిక వర్గ నామధేయాన్ని లఘు అక్షరాలలో ముద్రించి మీ చేతికందించడం ఈ కార్యాలయం ఇకపై చేయజాలదు. మీ గౌరవం విషయంలో రాజీపడే ప్రసక్తే లేదు."

"మరెప్పటికవుద్దండి?"

"విషయం క్రియాశీల పరిశీలనలో ఉన్నది."

పన్నెండో తారీకున మళ్ళీ వెళ్ళేసరికి పరిశీలన ఫలించింది. తెలుగుకి పెద్దక్షరం లేకపోతే చేసుకోవడమే అని పరబ్రహ్మం గారు తేల్చారు. కులం పేరులో మొదటి అక్షరాన్ని మిగతావాటికి ఒకటిన్నర రెట్లు పెంచమన్నారు. కోటిలింగానికి అది రెండు నిమిషాల పని. నూకరత్నం ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరి బయటికి వదిలేలోపే వరండాలో గొడవ మొదలైంది. ఆ జిల్లాలో పెద్ద కులాలు రెండు, ఏటివారూ గట్టువారూ. ఏటివాళ్ళు ఎడమకి తిరిగితే గట్టువాళ్ళు కుడికి తిరుగుతారు. ఇద్దరూ కొత్త పత్రాలు ఒకేసారి అందుకున్నారు, అందుకుని పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. పొరపాటంతా అక్కడ జరిగింది.

"వాళ్ళ మొదటి అక్షరం మా అక్షరం కంటే లావుగా ఉందండీ!" అన్నాడు గట్టువారి పెద్ద చిట్టిబాబు. జేబులోంచి స్కేలు తీశాడు. స్కేలు ముందే తెచ్చుకున్నాడంటే తయారయ్యే వచ్చాడన్నమాట. "చూడండి, రెండు గీతలు ఎక్కువుంది."

"మా అక్షరం పుట్టుకతోనే లావు. దానికి మేమేం చేస్తాం?" అన్నాడు ఏటివారి పెద్ద వెంకటపతి, మీసం మీద చెయ్యేసి.

పరబ్రహ్మం గారు ఇద్దరినీ కూర్చోబెట్టి టీ ఇప్పించారు. కొట్టిన పత్రాలన్నీ వెనక్కి తీసుకున్నారు. అందులో ఇంకా తడి ఆరని పావని పత్రం కూడా ఉంది. సంతకం పడబోతూ, కలం కాగితానికి జానెడు దూరంలో ఉండగా ఆగిపోయింది. నూకరత్నానికి ఏడుపు ఒక్కటే తక్కువ.

"గౌరవ పరిమాణ నిర్ధారణ సంఘం వేస్తున్నాను. ప్రతి కులం నుంచీ ఒక ప్రతినిధి ఉండాలి. ఏ ఒక్కరూ తప్పిపోకూడదు" అని ప్రకటించారు పరబ్రహ్మం గారు.

దువ్వెనకారుల నుంచి ఎవర్ని పిలవాలా అని చూస్తే మిగతా పదిహేడు కుటుంబాలూ మూడు జిల్లాల అవతల ఏదో తిరనాళ్ళలో ఉన్నాయి. నూకరత్నం మొగుడు కూడా వాళ్ళతోనే వెళ్ళాడు. వరండాలో స్తంభానికి ఆనుకొని కూర్చున్న నూకరత్నం ఒక్కతే దొరికింది. అప్పటిదాకా "ఏమ్మా" అన్న బంట్రోతు హఠాత్తుగా "నూకరత్నం గారూ, లోపలికి రావాలి" అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఆ పేరుతో ఇంకెవరైనా వచ్చారేమోనని.

సభ్యురాలు కావాలంటే ఆ కులం మనిషే అని ముందు రుజువుండాలట. పరబ్రహ్మం గారు నిబంధన చదివి, పాత రిజిస్టరు తెప్పించి, ఆవిడ పేరు చూసి, కోటిలింగం చేత అక్కడికక్కడే ఒక గుర్తింపు కార్డు కొట్టించారు. పేరు కె. నూకరత్నం, కులం దువ్వెనకార, ఈమె సదరు కులానికి చెందినవారని ధ్రువీకరించడమైనది, కింద ఫొటో, సంతకం, గుండ్రటి సీలు. సంఘం ఇంకా ఏ పరిమాణమూ తేల్చలేదు గనక అక్షరాలన్నీ పాత పద్ధతిలోనే పడ్డాయి. మొత్తం అయిదు నిమిషాల పని.

నూకరత్నం కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాబుగారూ, ఇలాంటిదే మా పిల్లకీ ఒకటి కొట్టిచ్చేయరాదా?"

"అది ధ్రువపత్రం, ఇది గుర్తింపు కార్డు. రెండింటికీ సంబంధం లేదు" అన్నారు పరబ్రహ్మం గారు, చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా.

పదహారో తారీకున సంఘం సమావేశమైంది. ముందు అందరికీ శాలువాలు కప్పారు. నూకరత్నం జన్మలో ఎవరూ ఆవిడకి శాలువా కప్పలేదు. పిల్ల కాయితం గుర్తొచ్చి ఆ సంతోషం కూడా నిలవలేదు. తర్వాత బిస్కట్లిచ్చారు. ఆ తర్వాత పరబ్రహ్మం గారు లేచి అరగంట మాట్లాడారు. అందులో గౌరవం అనే మాట నలభై ఒక్కసారి వచ్చింది. నూకరత్నం వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, ఇంకేం చెయ్యాలో తోచక.

మొదటి అక్షరం ఒక్కదాన్నే పెంచితే లావు తేడాలొస్తున్నాయి కాబట్టి పేరు మొత్తాన్నీ పెంచుదామన్నారు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎంత పెంచాలన్న దగ్గర మళ్ళీ మొదలైంది.

"రెండు రెట్లు" అన్నాడు వెంకటపతి.

"మాకు రెండున్నర" అన్నాడు చిట్టిబాబు.

"అయితే మాకు మూడు."

"వాళ్ళకెంతైతే మాకు దానికి పైన ఒకటి. అలా రాసుకోండి."

సంతలో గొర్రెల బేరం కూడా ఇంతకంటే పద్ధతిగా ఉంటుందనుకుంది నూకరత్నం. మూలనున్న కంప్యూటర్ దగ్గర కోటిలింగం ఎవరేమంటే అది పెంచుతూ పోతున్నాడు. తెర మీద అక్షరాలు పొంగిపోతున్నాయి. మధ్యాహ్నానికి పరబ్రహ్మం గారు బల్ల మీద చెయ్యి చరిచారు.

"హెచ్చుతగ్గులు లేవు! ప్రతి కులానికీ గరిష్ఠ గౌరవం! కాగితం ఎంత పడితే అంత!"

అందరూ చప్పట్లు కొట్టారు. కోటిలింగం మెల్లగా చెయ్యెత్తాడు.

"సార్, పత్రం ఒక్క కాగితం దాటకూడదని నిబంధన ఉంది. కులం పేరు అంత పెద్దదైతే మిగతావి ఎక్కడ పెట్టమంటారు?"

"మిగతావి అంటే?"

"కింద మీ సంతకం, నాలుగు వరుసల్లో మీ హోదా, సీలు."

"కార్యాలయ ముద్ర తగ్గడానికి వీల్లేదు. ప్రభుత్వ గౌరవం."

"మరి దరఖాస్తుదారు పేరు సార్?"

ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు.

"అడుగున చిన్నగా వేద్దామా సార్?" అన్నాడు కోటిలింగం.

పరబ్రహ్మం గారు చెవులు మూసుకున్నంత పని చేశారు. "చిన్నగానా? ఇంత పెద్ద అక్షరాల పక్కన పౌరుడి పేరు చీమంత వేసి అతన్ని అవమానిస్తామా? ఎవర్ని అవమానించకూడదనుకున్నామో వాళ్ళనే అవమానిస్తామా? వద్దు. చిన్నగా వేయడం కంటే వేయకపోవడమే గౌరవం."

ఇక నూకరత్నం ఉండబట్టలేకపోయింది. లేచి నిలబడింది. శాలువా జారిపోతుంటే చంకలో పెట్టుకుంది.

"అయ్యా, నేను మెంబర్నే కదా, ఒక మాట సెప్తానండి. మా దువ్వెనకారోళ్ళకి పెద్దచ్చరం వొద్దండి. ఉన్నంతలోనే ఉంటాం. మా పేరు ఎంత సిన్నగా కొట్టినా మాకు కోపం రాదు. పిల్ల పేరు కనబడేలా కొట్టండి సాలు."

వెంకటపతీ చిట్టిబాబూ మొదటిసారి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తమ పక్కనే ఓ కులం మనిషి గౌరవం వద్దంటుంటే అది తమకే తగులుతుందేమోనని ఇద్దరికీ ఒకేసారి భయం పట్టింది.

"అలా ఎలా కుదురుతుందండీ? ఒకరికి తగ్గిస్తే రేపు అందరికీ తగ్గిస్తారు!" అన్నారిద్దరూ ఏకకంఠంతో. ఆ జిల్లాలో ఏటివారూ గట్టువారూ ఒక్క మాట మీదకి రావడం అదే మొదలట.

పరబ్రహ్మం గారికి మాత్రం కళ్ళు మళ్ళీ చెమర్చాయి. "నూకరత్నం గారూ, మీ వినయం నన్ను కదిలించింది. కాని గౌరవాన్ని వదులుకునే అధికారం మీకు లేదు. అది ఈ కార్యాలయం మీకు ఇచ్చి తీరుతుంది."

తీర్మానం ఏకగ్రీవమని రాసుకున్నారు. నూకరత్నం అభ్యంతరాన్ని హర్షధ్వానాల కింద చేర్చారు.

ఇరవయ్యో తారీకు పదకొండు గంటలకి పావని పత్రం వచ్చింది. గోడ పోస్టరంత ఒకే కాగితం నిండా, ఈ చివర నుంచి ఆ చివరకి, దువ్వెనకార అని అయిదు నల్లటి అక్షరాలు. ఒక్కో అక్షరం చపాతీ అంత ఉంది. కింద సంతకం, నాలుగు వరుసల హోదా, సీలు. పావని పేరు ఎక్కడా లేదు. పుట్టిన తేదీ లేదు. తల్లీ తండ్రీ లేరు.

"మా పిల్లేదండి?" అంది నూకరత్నం.

కోటిలింగం తల దించుకున్నాడు. "నిన్న సాయంత్రం రెండు సార్లు ఇరికించి చూశానమ్మా. రెండుసార్లూ సారు కొట్టేయించారు. ఈ చేత్తో ఎన్ని వేల పేర్లు కూర్చానో. ఒక పేరు తీసెయ్యడం ఇదే మొదలు." పైకి అనకపోయినా అతనికి సిగ్గుగా ఉంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు. "ఆ సభ్యుల కార్డు దగ్గరుందా? దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకు. వెంటబెట్టుకొని వెళ్ళు."

తల్లీ కూతుళ్ళు రెండు దాటాక గాని రాని బస్సెక్కి, రెండున్నర గంటలు కుదుపులు తిని, నాలుగూ నలభైకి కాలేజీ చేరారు. కౌంటర్లో గుమస్తా ఆడమనిషి, జుట్టు బిగించి లాగి ముడేసుకుంది. ఇంత బిగింపు మనిషి చచ్చినా కనికరించదు అనుకుంది నూకరత్నం.

గుమస్తా పత్రం విప్పింది. అది విప్పడానికి ఆవిడ రెండు చేతులూ చాపాల్సొచ్చింది.

"ఇదేంటమ్మా, బోర్డు తెచ్చారా?"

"కులపత్రమేనండి. మా సర్కారోళ్ళు గౌరవంగా ఇచ్చారు."

"ఎవరిది?"

"మా పావనిదండి."

"పావని పేరేదీ ఇందులో? ఇది ఎవరిదైనా కావచ్చు. మనిషి పేరు లేకుండా నేనేం చేసుకోను?"

పావని మొహం పాలిపోయింది. గోడ గడియారం నాలుగూ యాభై రెండు చూపిస్తోంది. ఆ పిల్ల "పోదాం పదమ్మా" అంటుంటే నూకరత్నం గబగబా రొంటినున్న సంచీ తీసింది. పిన్నీసులు, ఓ పేల దువ్వెన, బస్సు టికెట్లు, వాటి అడుగున కార్డు. బల్ల మీద పెట్టింది.

గుమస్తా కార్డు చదివింది. ఒకసారి ఫొటో చూసింది, ఒకసారి నూకరత్నాన్ని చూసింది. తర్వాత పదో తరగతి మార్కుల పత్రంలో పావని తల్లి పేరు చూసింది.

"పేరుంది, కులం ఉంది, ధ్రువీకరించారు, సీలుంది. తల్లిదైనా సరిపోతుంది. పిల్లది తర్వాత తెచ్చిస్తామని రాసివ్వండి" అని, గడియారం వంక చూసి, "ముందు కూర్చో తల్లీ, చెమటలు పడుతున్నాయి నీకు" అంటూ పావనికి కుర్చీ జరిపింది. నాలుగూ యాభై ఎనిమిదికి రసీదు చేతికొచ్చింది. నూకరత్నం జుట్టు విషయంలో మరోసారి తప్పు చెప్పింది. జన్మలో ఆవిడ అంత సంతోషంగా ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

ఆ పెద్ద పత్రాన్ని మాత్రం పారెయ్యలేదు. సంతలో గంప వెనక కర్రకి కట్టింది. అంత దూరం నుంచి అక్షరాలు కనబడటంతో బేరాలు కాస్త పెరిగాయి. కులం పేరని ఎవరికీ తెలీదు, దువ్వెనల కొట్టు బోర్డనుకుంటారు.

దసరా సెలవులకి పావని ఇంటికొచ్చినప్పుడు రేవులపాడు నుంచి ఉత్తరం వచ్చింది. పిల్ల పైకి చదివింది. "సభ్యురాలు శ్రీమతి నూకరత్నం గారికి. తమకు జారీ చేసిన గుర్తింపు కార్డు నందు తమ సామాజిక వర్గ నామధేయము లఘు అక్షరములలో ముద్రితమై తమకు తీరని అవమానము సంభవించినట్లు ఈ కార్యాలయం ఆలస్యముగా గుర్తించినది. సదరు కార్డును తక్షణమే వాపసు చేసి సంపూర్ణ గౌరవ కార్డును పొందగలరు. నమూనా జతపరచడమైనది."

నమూనా కార్డు నిండా అయిదు అక్షరాలున్నాయి. ఫొటోకి కూడా చోటు మిగల్లేదు.

నూకరత్నం చేతిలో దువ్వెన ఆపి, కూతురి జడ సగంలో వదిలి, కాసేపు ఆలోచించింది.

"రాయవే. అయ్యా, తమరి ఉత్తరం అందిందండి. ఆ కార్డు ఇవ్వనండి. అందులో మా కులం పేరు సిన్నగానే ఉంది. సిన్నగా ఉంది గనకే పక్కన నా పేరు పట్టింది. ఆ పేరు మీదే మా పిల్ల సదువుకుంటంది. మా పిల్ల కాయితం కూడా ఆ కొలతలోనే కొట్టి పంపించండి. కోటిలింగం గారికి దండాలు. ఇట్లు."

పావని అంతా రాసి, కలం ఎత్తి పట్టుకుంది.

"నీ పేరు ఎంత పెద్దగా రాయమంటావమ్మా?"

"ఎంతైతే ఏంటే" అంది నూకరత్నం, మళ్ళీ జడ అందుకుంటూ. "ఉంటే సాలు."